నిమ్మకాయకు రేకు మూత

మా ఇంట్లో మెల్లగా మాట్లాడడం ఎవరికీ రాదు. కింద రేకుల షెడ్డు, పైన మా ఇల్లు. పొద్దున షెడ్డు తలుపు తీసింది మొదలు చీకటి పడేదాకా సుత్తుల చప్పుడు, రేకు వంచే మెషీను కీచుమనడం, వాటి మీద నుంచి ఒకరినొకరు పిలుచుకోవడం. అమ్మ “టీ తాగుతావా” అని అడిగినా కొత్తవాళ్ళకి పోట్లాటలాగే వినిపిస్తుంది. నాన్న ఫోనులో మాట్లాడితే ఎదురింటివాళ్ళు బాల్కనీలోంచి జవాబు చెప్తారు. పొగగొట్టాలు, వాన నీటి గొట్టాలు, హోటళ్ళ పొయ్యిల మీద పొగ పట్టడానికి వేలాడే పెద్ద పెద్ద గొడుగులు, ఇవీ మేం చేసే పనులు. రేకు మీద గీతలు గీసి కత్తిరించేదాన్ని నేనే. నోరు కాస్త ఎక్కువని అక్క అంటుంది. అననీ, దానిదేమైనా తక్కువా.

ఇలాంటి ఇంటికి అల్లుడై వచ్చాడు మా బావ. బావ గడియారాలు బాగుచేస్తాడు. వీధి చివర, కుర్చీ వేస్తే తలుపు మూసుకోని కొట్టు ఒకటి ఉంది. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం వంగి కూర్చుంటాడు. ఆ గడియారాల్లో మరలు ఎంత చిన్నవంటే, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతాయి. ఎగిరాయంటే ఆ పూటంతా నేల మీద పాకడమే. అందుకని బావ ఊపిరి ఖర్చు కాకుండా మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. పెదాలు కదులుతాయి, మొహంలో భావం మారుతుంది, మాట మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళకే దక్కుతుంది. షెడ్డులో పనివాళ్ళు గుసగుస అని పేరు పెట్టారు. “మా గుసగుసగారొచ్చారు” అని అరిచి చెప్పేవాళ్ళు, బావ కొట్టు మూసి మెట్లెక్కుతుంటే.

నాన్నకి అల్లుడంటే ప్రాణం. “మా అల్లుడికి అన్నీ ఇష్టమే, దేనికీ వద్దనడు, అలాంటి పిల్లాడు మళ్ళీ దొరకడు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పక్కనే నిలబడి బావ ఏదో అనేవాడు, నాన్న భుజం మీద ఒక్కటి చరిచేవాడు, బావ రెండడుగులు ముందుకు పడేవాడు. మామా అల్లుళ్ళ ముచ్చట్లు అంతవరకే.

ఇంకో సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. మా తాతయ్య కాలంలో మాది బకెట్ల ఇల్లు. ఇంటింటా మా బకెట్లే ఉండేవి. తర్వాత ప్లాస్టిక్ బకెట్లొచ్చాయి, తేలికవి, రంగురంగులవి, కింద పడితే కిక్కురుమననివి. చూస్తుండగానే మా బకెట్లు అడిగే నాథుడు లేకుండా పోయాడు. అప్పట్నుంచీ ఆ పదార్థం మా గడప దాటకూడదని నాన్న శాసనం. మా మగ్గు రేకుది, సబ్బుపెట్టె రేకుది, చెత్తబుట్ట రేకుది. నేను బడికి రేకు సంచీ మోసుకుపోయాను. నేను మెట్లెక్కుతుంటే గంట కొట్టారనుకుని పిల్లలు క్లాసుల్లోంచి బయటికొచ్చేవాళ్ళు. ప్లాస్టిక్ అన్న మాట మా ఇంట్లో బూతు కింద లెక్క.

ఇక చేపల సంగతి. చేపల షాపావిడ గోడ గడియారం ఆగిపోతే బావ బాగుచెయ్యడానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు గడియారం తగిలించి రావాలా, అక్కడే ఒక అద్దాల తొట్టి ముందు నిలబడిపోయాడు. ఆ రోజు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని చెప్పాడు.

“ఆ చేపకి గడియారం లేదు మరదలా. అయినా లైటు ఆర్పే వేళకి తనంతట తనే ఇసకలో దూరి పడుకుంటుంది. పొద్దున లైటు వేసే వేళకి లేస్తుంది. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదంట.”

“తిండీ నిద్రా టైముకి కావాలంటే మా నాన్నని చూసుకో. దానికి తొట్టెందుకు?” అన్నాను.

బావ నవ్వలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది తలకెక్కిందని.

ఆ జాతిని రాస్ అంటారంట. సముద్రం చేప. ఉప్పునీళ్ళు కావాలి, సన్నటి ఇసక కావాలి, నీళ్ళు తిప్పే పంపు కావాలి, వేడి సరిగ్గా ఉండాలి. బావ మా నాన్న దగ్గరికెళ్ళి పెదాలు కదిపాడు. నాన్న “బాగుంది బాబూ, బాగుంది” అన్నాడు. తీరా తొట్టి ముందుగదిలోకి దిగాక “ఇదేంటే?” అని అక్కని అడిగాడు.

“ఆయన అడిగారుగా, సరేనన్నావుగా.”

“ఆ, అవునవును” అన్నాడు నాన్న.

తొట్టి అద్దానిదే కాబట్టి పేచీ లేదు. కానీ దాని వెనక పంపు, గొట్టాలు, పెట్టె, సమస్తం నిషిద్ధ పదార్థమే. బావ మొహం పాలిపోయింది. నేనే ఒక నల్లగుడ్డ తెచ్చి వెనకంతా కప్పేశాను. “ఈ చేపలకి వెనకాల చీకటిగా ఉండాలి నాన్నా, లేకపోతే బెంగపెట్టుకుంటాయి” అన్నాను. నాన్న నమ్మాడు. నమ్మకేం చేస్తాడు, చెప్పిన తీరు అలాంటిది.

ఉప్పు కలిపి, నీళ్ళు తేటపడి, నత్తలు వేసి, అవి బతికాయని తేలాక, బావ రెండు చేపలు తెచ్చాడు. పసుపుపచ్చగా మెరిసిపోతూ, వీపు మీద నల్లచుక్క. సంచీలోంచి తొట్టిలోకి వదలడం ఏమిటి, రెండూ తలకిందులై ఇసకలోకి దూరిపోవడం ఏమిటి. మేమంతా కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. ఎదురుగా నీళ్ళు, ఇసక, నాలుగు నత్తలు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

“అల్లుణ్ణి మోసం చేశారు. నీళ్ళూ ఇసకా అంటగట్టారు. పదండి, ఆ షాపు సంగతేంటో చూద్దాం” అని నాన్న చొక్కా వేసుకున్నాడు. కింద పనివాళ్ళు పని ఆపి సిద్ధమయ్యారు. బావ తలుపుకి అడ్డం నిలబడి చేతులతో ఏదేదో చూపించాడు. కొత్త చోటంటే బెదిరి కొన్నాళ్ళు ఇసకలోనే ఉంటాయని చెప్తున్నాడని నేను తర్జుమా చేశాక గానీ నాన్న చొక్కా విప్పలేదు.

ఒకనాటి మధ్యాహ్నం అమ్మ తొట్టి ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఇసకలోంచి పచ్చటి ముక్కు ఒకటి బయటికొచ్చింది. తర్వాత కన్ను. ఆ కన్ను అమ్మని ఎగాదిగా చూసింది. అమ్మ కేకకి అది మళ్ళీ లోపలికి పోయింది గానీ, ఆ పూటనుంచీ మా ఇంటిల్లిపాదీ ఆ తొట్టికి దాసోహమన్నారు. పెద్దదానికి పెద్ద నిమ్మకాయ అనీ, చిన్నదానికి చిన్న నిమ్మకాయ అనీ అమ్మే పేర్లు పెట్టింది. ఈ జాతిలో పుట్టినప్పుడు అన్నీ ఆడవేనంట, గుంపులో పెత్తనం చేసేది ఎప్పుడో ఒకప్పుడు మగదైపోతుందంట. షాపావిడ చెప్పిందని బావ చెప్పాడు, బావ చెప్పాడని నేను అరిచి చెప్పాను. అమ్మ నాన్నని ఒకసారి, తొట్టిని ఒకసారి చూసి, “ఇంటి పెత్తనం చేతికొస్తే ఎవరైనా అంతే” అంది.

చిక్కల్లా మా గొంతులే. నాన్న తుమ్మితే రెండూ ఇసకలో. అక్కా నేనూ పోట్లాడుకుంటే రెండూ ఇసకలో. అమ్మ పక్కింటావిడని పిలిస్తే సరేసరి. పాపం అవి మేలుకున్న వేళ కంటే బెదిరి దాక్కున్న వేళే ఎక్కువ. మేం కూడా గొంతు తగ్గించాలని చూశాం. గొంతు తగ్గించి మాట్లాడుకుంటే ఏదో కుట్ర పన్నుతున్నట్టుండి మాకే నవ్వొచ్చేది, నవ్వితే మళ్ళీ ఇసకలోకి.

ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు. ఒకరోజు వంటగదిలో అమ్మ చేతిలోంచి రేకు పళ్ళెం జారింది. మా ఇంట్లో రేకు పళ్ళెం పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పెద్దది ఇసకలో దూరింది. చిన్నది కూడా దూరిందనే అనుకున్నాం. మర్నాడు అక్క ఊడుస్తుంటే బల్ల వెనకనుంచి చీపురుకి తగిలింది, ఎండిపోయి, పచ్చరంగు వెలిసిపోయి. బెదిరినప్పుడు కింద చోటు దొరక్కపోతే పైకి ఎగురుతాయంట ఈ చేపలు. తొట్టికి మూత లేదు.

బావ దాన్ని గడియారాల అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టి, చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా చప్పుడు లేదు. ఆ రోజు కొట్టు తెరవలేదు. నిజం చెప్పొద్దూ, వేలెడంత చేపకి ఇంత ఏడుపా అని అనబోయి, ఆ మొహం చూసి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం ఎంత అరుదో మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు.

నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. అల్లుడి మాట వినిపించకపోయినా కన్నీళ్ళు కనిపిస్తాయి కదా. “మన ఇంట్లో మూత లేకపోవడమేంటి” అని కిందికి దిగాడు.

దిగి ఏం చేశాడనుకున్నారు. గోడకి తగిలించిన సుత్తి తీశాడు. కంటి ఆపరేషన్ అయ్యాక నాన్న పని మానేశాడు. చేసుకోవచ్చని డాక్టరన్నా, మొదటిసారే గీత పక్కకి పోయి రేకు పాడైందని సుత్తి గోడకెక్కించి కుర్చీలో కూర్చున్నాడు. అప్పట్నుంచీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరినీ సతాయించడమే పని. అలాంటి మనిషి సుత్తి తియ్యగానే షెడ్డులో మెషీను ఆగిపోయింది. అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయి కొంగుతో కళ్ళొత్తుకుంది.

మూత తయారైంది. అబ్బో, ఆ మూత. మంచి జింకు పూత ఉన్న రేకు, వెండిలా తళతళలాడుతోంది. అంచులు రెండు మడతలు వేసి చెయ్యి కోసుకోకుండా నున్నగా తీర్చాడు. మూలలకి టంకం, గాలాడడానికి వరసగా చీలికలు, మేత వెయ్యడానికి చిన్న తలుపు, ఆ తలుపుకి బందు, బందుకి గొళ్ళెం. బ్యాంకు వాళ్ళు చూస్తే పట్టుకుపోయేవాళ్ళు. ఒక్క గీత కూడా పక్కకి పోలేదు. నలుగురు మోసుకొచ్చి తొట్టి మీద పెడితే గది గదంతా ఖంగుమంది, నిమ్మకాయ రెండు రోజులు బయటికి రాలేదు.

అక్క మమ్మల్నందర్నీ వంటగదిలోకి పిలిచి తలుపేసింది. “నాన్న మళ్ళీ మనిషిలో పడ్డాడు. ఈ మూత గురించి ఎవరైనా ఒక్క మాట వంకరగా అన్నారో, ఊరుకోను. ఏవండీ, మీక్కూడా చెప్తున్నా.”

బావ తలూపాడు.

నాన్న నిజంగానే మనిషిలో పడ్డాడు. పొద్దున్నే లేచి షెడ్డులో బల్ల దగ్గరికి పోతున్నాడు, పాటలు పాడుతున్నాడు. ఆ పాటలు భరించడం ఇంకో బాధ, అది వదిలేద్దాం. అదే సమయంలో తొట్టిలో వ్యవహారం తేడాగా నడుస్తోంది. ముందు ఒక నత్త అద్దం మీంచి జారి పడింది, మళ్ళీ లేవలేదు. తర్వాత ఇంకోటి. మూత కిందివైపు తెల్లటి బూజులాంటిది పట్టి, దాని మీద చెమ్మ చేరి, చుక్కలు చుక్కలుగా తొట్టిలోకి కారుతోంది. నిమ్మకాయ మధ్యాహ్నం దాకా లేవడం లేదు. లేచినా ఒక మూల నిలబడి మొప్పలు గబగబా ఆడిస్తోంది. మేత మొహం ముందే మునిగిపోతున్నా చూడడం లేదు.

బావ షాపావిడ దగ్గరికి పరుగెత్తాడు. నన్నూ తీసుకెళ్ళాడు, గట్టిగా అడగడానికి.

“జింకు రేకా? ఉప్పునీళ్ళ మీదా?” ఆవిడ చేతిలో వల కింద పెట్టేసింది. “ఆ ఉప్పు చెమ్మకి జింకు కరిగి నీళ్ళలో దిగుతోంది. విషం అది. ముందు నత్తలు పోతాయి, తర్వాత చేప. ఇవ్వాళే తీసెయ్యండి. ప్లాస్టిక్ చట్రానికి ప్లాస్టిక్ వల బిగించి వెయ్యండి, చాలు.”

మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం. ప్లాస్టిక్. చట్రం ఒకటి, వల ఒకటి, రెండుసార్లు ప్లాస్టిక్.

దార్లో నేనన్నాను, “నేను చెప్తాలే బావా. నాన్న నాలుగు కేకలేస్తాడు, నేను ఐదేస్తాను, అయిపోతుంది.”

“వద్దు మరదలా” అన్నాడు. “ఆయన చేసింది నాకోసం. వద్దని నేనే చెప్పాలి. ఇంకొకళ్ళతో చెప్పిస్తే, నా మొహం చూసినప్పుడల్లా ఆయనకి అదే గుర్తొస్తుంది.”

ఆ మాట సబబుగానే తోచింది. తోచి ఊరుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బావ ముందు షెడ్డుకి వెళ్ళాడు. మూడు సుత్తులు, ఒక మెషీను నడుస్తుండగా నాన్న ఎదురుగా నిలబడి పాపం ఎంత వివరంగా చెప్పాడో, వేళ్ళతో లెక్కలు కూడా వేశాడు. నాన్న తల పంకిస్తూ విన్నాడు. విని, “అలాగే బాబూ, తప్పకుండా” అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది. సాయంత్రానికి మూతకి ఇత్తడి పిడి వచ్చింది.

తర్వాత భోజనాల దగ్గర ప్రయత్నించాడు. “మావయ్యగారూ, ఆ మూత...” అని మొదలెట్టి, అక్క చూపు చూసి, నీళ్ళు నమిలి, కాసేపటికి ధైర్యం తెచ్చుకుని మిగతాది కంచంలోకి చూస్తూ చెప్పాడు. కంచానికి బాగా వినిపించి ఉంటుంది. నాన్న అల్లుడి మొహంలో దిగులు పసిగట్టి, “తెలిసిందిలే బాబూ. పక్కల సందుంది, దూకుతుందని భయం. అంతేగా?” అన్నాడు. మర్నాడు మూత చుట్టూ జానెడు అంచు కిందికి దించే పని మొదలైంది. ఆ అంచు నీళ్ళలోకి మునుగుతుంది.

మధ్యలో బావ మూత తీసి గోడకి ఆనిస్తే, నాన్న అటుగా వచ్చి, “ఎవర్రా మూత తీసింది, చేప దూకితే” అని కేకలేసి మళ్ళీ పెట్టేవాడు. బావ మూత కింద ఒక ప్లాస్టిక్ కవరు పరిచి చూశాడు. నాన్న దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకెళ్ళి వీధిలో పారేసి, కూరల సంచులు ఇంట్లోకి రానిచ్చావని అమ్మని తిట్టాడు. బావ రోజూ నీళ్ళు మార్చి చేపని ఎలాగో నెట్టుకొస్తున్నాడు. సరిగ్గా తినడం లేదు, తనూ, చేపా.

అంచు తయారైన సాయంత్రం నాన్న పండగ చేశాడు. షెడ్డులో పనివాళ్ళు, ఎదురింటివాళ్ళు, పక్కింటావిడ, అందరూ ముందుగదిలో చేరారు. మూత బల్ల మీద మెరుస్తోంది. నిమ్మకాయ ఇసకలో లేదు. ఇసక మీద ఒక పక్కకి ఒరిగి పడుంది, మొప్ప ఒకటి మాత్రం ఆడుతోంది. పసుపురంగు పాలిపోయింది. నాన్న దాన్ని చూడలేదు, మూతనే చూసుకుంటున్నాడు. ఇద్దరు పనివాళ్ళు మూత ఎత్తారు. నాన్న, “నెమ్మదిగా, అంచు నీళ్ళలోకి సరిగ్గా దిగాలి” అని వాళ్ళని నడిపిస్తున్నాడు. ఇక చెప్పేద్దామని నోరు తెరిచాను.

అప్పుడే బావ కొట్టు మూసి మెట్లెక్కి వచ్చాడు. తొట్టిని చూశాడు, మూతని చూశాడు.

“వద్దు” అన్నాడు.

అన్నాడంటే ఎలా అన్నాడో మీకు తెలియదు. కిటికీ అద్దాలు అదిరాయి. పనివాళ్ళు మూత పట్టుకుని అలాగే కొయ్యబారిపోయారు. ఎదురింటాయన చేతిలో టీ ఒలికింది. కింద వీధిలో పోయేవాళ్ళు ఆగి పైకి చూశారు. ఇన్నేళ్ళూ ఖర్చు పెట్టకుండా దాచుకున్న ఊపిరంతా ఒక్కసారి బయటికొచ్చింది.

“వద్దండీ. ఆ మూత వద్దు. జింకు నీళ్ళలో దిగి చేప చచ్చిపోతోంది. నత్తలన్నీ పోయాయి. మీరెంత కష్టపడి చేశారో నాకు తెలుసు, ఇంత గొప్ప మూత నేనెక్కడా చూడలేదు, కానీ అది నా చేపని చంపేస్తోంది. నాకు ప్లాస్టిక్ మూత కావాలి. ప్లాస్టిక్, మావయ్యగారూ. ప్లాస్టిక్.”

ఆ మాట మా గోడలు ఎన్నేళ్ళకి విన్నాయో. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. అమ్మ గోడనానుకుంది. నాన్న అల్లుణ్ణే చూస్తూ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. అయిపోయింది, అనుకున్నాను. సుత్తి మళ్ళీ గోడకెక్కుతుంది, ఇద్దరి మధ్యా ఇక మాటలుండవు, బావ మూటాముల్లె సర్దుకోవలసిందే.

“నీ గొంతు ఇలా ఉంటుందా?” అన్నాడు నాన్న.

ఎవరికీ అర్థం కాలేదు.

“పెళ్ళైన నాటినుంచీ నువ్వు పెదాలు కదపడమే చూస్తున్నా బాబూ. ఒక్క ముక్క వినిపించలేదు. సుత్తుల కింద ఎప్పుడో పోయాయి ఈ చెవులు. అందరూ నవ్వితే నవ్వాను, నువ్వు ఆగితే బాగుందన్నాను. చెవిటి మామ అనుకుంటావని సిగ్గేసి ఎవరితోనూ అనలేదు.” నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మంచి గొంతు. పెళుసుగా లేదు, నిండుగా ఉంది. ఏం గొంతుని దాచుకున్నావయ్యా.”

దేనికీ వద్దనని అల్లుడట. ఎలా తెలుస్తుంది మరి. మా అందరికీ ఇంత పెద్ద నోళ్ళున్నాయి గానీ, ఆ మనిషికి వినపడడం లేదని ఒక్కళ్ళం కనిపెట్టామా. నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాన్న లేచి, మూత తనే తీసుకుని పక్కన పెట్టాడు. “చేప సంగతి చూడు ముందు. నీళ్ళు మార్చాలా? బకెట్లు తెండర్రా” అన్నాడు.

“అవీ జింకువే” అన్నాడు బావ, అదే గొంతుతో.

అక్క తల వంచుకుని లోపలికెళ్ళి, మంచం కిందనుంచి ఎర్రటి ప్లాస్టిక్ బకెట్టు తెచ్చింది. ఇన్నాళ్ళూ బావ ఉప్పునీళ్ళు ఎందులో కలుపుతున్నాడో నాకు తట్టనే లేదు. మూత గురించి మాకు హెచ్చరికలు చేసిన మనిషి, మంచం కింద బకెట్టు కాపలా కాస్తోంది. అది చూసి అమ్మ పోపులపెట్టె వెనకనుంచి ప్లాస్టిక్ గరాటు తెచ్చింది, నీళ్ళు పొయ్యడానికి పనికొస్తుందని. ఇంకెందుకు దాపరికం అని నేను నా గదిలోంచి ప్లాస్టిక్ మగ్గు పట్టుకొచ్చాను. పనివాళ్ళలో ఒకడు తన అన్నం డబ్బా తేవాలా అని అడిగాడు.

నాన్న మా అందర్నీ ఒక్కొక్కరినే చూశాడు. “ఈ ఇంట్లో నేనొక్కణ్ణేనా రేకులో బతుకుతున్నది?” అన్నాడు.

నీళ్ళు మార్చాం. మళ్ళీ మార్చాం. వల దొరికేదాకా తొట్టి మీద అమ్మ పాత నూలు దోమతెర కప్పాం. లైటు ఆర్పే వేళ దాటినా నిమ్మకాయ ఇసక మీదే పడుంది. బావ నేల మీద కూర్చుని అద్దానికి నుదురానించాడు. కాసేపటికి అది తోక ఒకసారి ఆడించి, ఒరిగిన ఒళ్ళు నిలబెట్టుకుని, ముక్కు కిందికి దించి, ముసలమ్మ దుప్పట్లో దూరినట్టు నింపాదిగా ఇసకలోకి దూరింది. బతికే చేపే అలా పడుకుంటుందని బావ చెప్పాడు. ఇప్పటికీ బతికే ఉంది. ఈ మధ్య మొహం మీద ఆకుపచ్చ గీతలు తేలుతున్నాయి, మగదవుతోందని అమ్మ అనుమానం.

ఆ రాత్రి జనమంతా వెళ్ళిపోయాక నాన్న తన కుర్చీ ఈడ్చుకొచ్చి బావ పక్కన వేసుకున్నాడు.

“ఇంకేం వద్దు నీకు? గట్టిగా చెప్పు.”

బావ అక్కవైపు చూశాడు. అక్క చెప్పమంది. “టీలో అంత చక్కెర వద్దండీ. వంకాయ వద్దండీ. భుజం మీద చరచొద్దండీ, ఆ చేత్తో స్క్రూలు పట్టుకోవాలి.”

“ఇన్నేళ్ళూ మరి చెప్పలేదేం?”

“రోజూ చెప్తూనే ఉన్నానండీ.”

నాన్న పడీ పడీ నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, “అయితే మొదట్నుంచీ చెప్పు. ఏమేం అన్నావో అన్నీ చెప్పు. అమ్మాయిని బాగా చూసుకుంటావా అని పెళ్ళినాడు అడిగాను. నువ్వేదో అన్నావు. అదేంటి?”

బావ వెంటనే అందుకున్నాడు, ఆ మాట రోజూ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నవాడిలా. “చూసుకుంటానండీ, మిమ్మల్ని కూడా చూసుకుంటాను, నాకు నాన్న లేడు, అన్నాను.”

వీధి చివర కొట్టు దాకా వినిపించి ఉంటుంది. నాన్న తల దించుకుని తన అరచేతులు చూసుకున్నాడు.

“సరిగ్గా వినపడలేదు బాబూ” అన్నాడు. “మళ్ళీ చెప్పు.”

బావ మళ్ళీ చెప్పాడు.